పడక మీదున్నవాళ్లకి సత్ప్రసాదం ఎప్పుడిస్తారు? గురువులకు, ఉపదేశులకు ఒక బహిరంగ లేఖ

శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాల్లో పనిచేస్తున్న కథోలిక గురువులకు, ఉపదేశులకు, మఠకన్యలకు, సంఘ పెద్దలకు నమస్కారం.

నేను శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఆటో నడుపుతాను. కుర్రతనంలో రెండేళ్లు సెమినరీలో చదివాను. గురుత్వం, అంటే ఫాదర్ కావడం, నా వల్ల కాదని తెలిసి ఇంటికొచ్చేశాను గానీ చదివే అలవాటు మాత్రం పోలేదు. ఈ విషయం మీద మా విచారణకి (పారిష్‌కి) రెండు ఉత్తరాలు, పైవారికి ఒకటి రాశాను. దేనికీ జవాబు రాలేదు. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాను. విచారణ పేరు గానీ, ఏ ఫాదర్ పేరు గానీ రాయను. ఒక మనిషి మీద కోపం తీర్చుకునే ఉత్తరం కాదిది. విశ్వాసులు తమ అవసరాలనూ అభిప్రాయాలనూ కాపరులకు చెప్పుకోవచ్చని, కొన్నిసార్లు చెప్పడం వాళ్ల బాధ్యత కూడా అని 1983 నాటి శ్రీసభ (కథోలిక సంఘం) చట్టం 212వ నిబంధనలో ఉంది. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను.

ముందు జరిగింది చెబుతాను.

మా అమ్మకి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. ఉద్దానంలో ఈ మాట విని ఎవరూ ఆశ్చర్యపోరు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు ఎవరినడిగినా తమ ఇంట్లోనో పక్కింట్లోనో ఒకరి పేరు చెబుతారు. వారానికి రెండుసార్లు నా ఆటోలోనే డయాలసిస్‌కి తీసుకెళ్లేవాణ్ణి. విచారణ గుడి మా ఊరికి 14 కిలోమీటర్లు. డయాలసిస్ అయిన రోజు అమ్మ కూర్చోలేకపోయేది. కాని రోజు ఒళ్లంతా వాచి ఆయాసం. మా ఊళ్లోనే ఒక చిన్న గుడి ఉంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను దాని రేకులు ఎగరేసుకుపోయింది. చందాలు వేసుకుని రేకులు మళ్లీ వేశాం. సత్ప్రసాదాన్ని, అంటే పూజలో క్రీస్తు శరీరమయ్యే అప్పాన్ని, భద్రపరిచే మందసం మాత్రం తిరిగి రాలేదు. నెలకోసారి పూజ అన్నారు, తర్వాత రెండు నెలలకోసారి అయింది, వానాకాలంలో అదీ లేదు.

ఈస్టరుకి ముందొచ్చే తపస్కాలం మొదలైన దగ్గర్నుంచీ అమ్మ సత్ప్రసాదం అడుగుతూనే ఉంది. ఊళ్లో మతబోధ చేసే ఉపదేశికి చెప్పాను. ఫోన్ చేశాను. "వస్తాం" అన్నారు. ఇంకో వారం "మీటింగ్ ఉంది" అన్నారు. ఆ పై వారం "ఆదివారం గుడికే తీసుకురండి, అందరితో పాటు ఇచ్చేస్తాం" అన్నారు. అమ్మ నన్ను అడిగింది: "ఏటి బాబూ, నానేటి తప్పు చేసినాను? నా కాడికెందుకు రారు?" నా దగ్గర జవాబు లేదు. ఈస్టరు అయిన పదోరోజు, బుధవారం తెల్లవారుజామున పోయింది. సత్ప్రసాదం అందలేదు, రోగులకి నూనె పూసి చేసే అభ్యంగనమూ అందలేదు.

సమాధికి మాత్రం ఫాదర్ గారు చెప్పిన టైముకి వచ్చారు. ప్రసంగం బాగుంది. యోహాను సువార్త 6వ అధ్యాయమే చదివారు.

ఆ అధ్యాయంలో ఏముందో మీకు నేను చెప్పక్కర్లేదు గానీ ఈ ఉత్తరం బయటివాళ్లూ చదువుతారు. నా శరీరం తింటేనే, నా రక్తం తాగితేనే మీలో జీవం అన్నాడు ప్రభువు. వింటున్న శిష్యుల్లో చాలామంది ఇదేం మాట అని విసుక్కుని వెళ్లిపోయారు. "ఆగండి, మాటవరసకి అన్నాను" అని ఆయన వెనక్కి పిలవలేదు. మిగిలిన పన్నెండుమందిని "మీరూ వెళ్లిపోతారా?" అని అడిగాడు. కథోలికులు ఆ మాటని ఆయన అన్నది అన్నట్టే పట్టుకున్నారు. గురువు పీఠం దగ్గర "ఇది నా శరీరము" అన్నాక చూపుకి అప్పమే, నాలుకకి అప్పమే. ల్యాబ్‌కి పంపితే గోధుమ అనే వస్తుంది. పైకి తెలిసేవేవీ మారవు. "ఇది ఏమిటి?" అని అడిగితే చెప్పే జవాబు మారిపోతుంది. అక్కడున్నది క్రీస్తే. పదార్థం మారుతుందన్న మాటని 1215లో నాలుగో లాతెరాను మహాసభ వాడింది. నిజంగా, యథార్థంగా, పదార్థరీత్యా క్రీస్తు ఉన్నాడని 1551 అక్టోబరు 11న త్రెంతు మహాసభ తీర్మానించింది. (ఆ తేదీ చూసి ఉలిక్కిపడ్డాను. మా గుడి రేకులు ఎగిరిపోయింది కూడా అక్టోబరు 11నే.) ఆ రూపాలు చెడకుండా ఉన్నంతసేపు ఆ సాన్నిధ్యం ఉంటుంది. పూజ అయిపోగానే అయిపోయేది కాదు. మందసం, మందసం ముందు ఆరని దీపం, అక్కడ మోకాళ్లూనడం అన్నీ అందుకే.

మా చుట్టూ బాప్టిస్టులు ఎక్కువ. నెలకోసారి వాళ్లు బల్ల (రొట్టె, ద్రాక్షారసం) తీసుకుంటారు, జ్ఞాపకార్థం అంటారు. మంచివాళ్లు, అమ్మకి రక్తం ఇచ్చినవాడు వాళ్లలోనివాడే. అమ్మ పోయాక అతనే అన్నాడు: "అన్నా, ఒక రొట్టె ముక్క అందలేదని ఇంత బాధెందుకు?" అతని నమ్మకం ప్రకారం అది సరైన ప్రశ్నే. అది ఒట్టి గుర్తే అయితే మా అమ్మకి పెద్ద నష్టమేమీ జరగలేదు. గోడ మీద యేసు పటం ఉంది, దిండు కింద జపమాల ఉంది. గుర్తులకి మా ఇంట్లో కొదవలేదు. ఆమె అడిగింది గుర్తుని కాదు. ఆయన్నే అడిగింది. మీరు నేర్పిందే ఆమె నమ్మింది. నా ఫిర్యాదంతా ఇక్కడే ఉంది. మీరు పీఠం మీద చెప్పేదానికీ ఊళ్లలో చేసేదానికీ పొంతన కుదరడం లేదు.

ఇక ఒక్కొక్కటే చెబుతాను.

1. రోగుల పడక. ఇది కొత్తగా కోరుతున్న కోరిక కాదు. దాదాపు 155లో రోమాలో జస్టిను అనే క్రైస్తవ రచయిత రాసిన వివరంలో ఆదివారం పూజకి రాలేకపోయినవాళ్లకి డీకన్లు (సంఘ సేవకులు) సత్ప్రసాదాన్ని ఇంటికి పట్టుకెళ్లేవారని ఉంది. అప్పటికి గుళ్లు కూడా సరిగ్గా లేవు. 325లో నీకయ మహాసభ 13వ నిబంధనలో, చావుబతుకుల్లో ఉన్నవాడికి చివరి సత్ప్రసాదం లేకుండా చెయ్యకూడదని, ఇది పాతకాలం నుంచీ ఉన్న కట్టడి అని రాసింది. ఇప్పుడున్న చట్టం 922వ నిబంధన ఇంకాస్త ముందుకెళ్లి, చివరి సత్ప్రసాదం ఆలస్యం కాకూడదంటుంది, రోగికి పూర్తి స్పృహ ఉండగానే అందేలా చూడమంటుంది. మా అమ్మకి రెండు నెలలు పూర్తి స్పృహ ఉంది.

ఇంకో మాట. కిడ్నీ రోగికి నీళ్లు కొలిచి ఇస్తారు. నోరు ఎప్పుడూ ఎండిపోయే ఉంటుంది. "అప్పం గొంతులో అడ్డుపడితే ఎలాగరా? ఉమ్మేస్తే పాపం కదా?" అని అమ్మకి అదో టెన్షన్. చాలామంది ముసలివాళ్లు ఈ భయంతోనే అడగడం మానేస్తున్నారు. వాళ్లకి చెప్పేవాళ్లు లేరు. చిన్న తునక చాలు, అందులో కూడా క్రీస్తు సంపూర్ణంగా ఉన్నాడన్నదే మన బోధ. ఆ తునక మింగడానికి చెంచాడు నీళ్లు ఇవ్వొచ్చు. గట్టిది ఏదీ మింగలేనివాళ్లకి అవసరాన్ని బట్టి ద్రాక్షారస రూపంలో మాత్రమే ఇవ్వడానికి 925వ నిబంధన ఒప్పుకుంటుంది. సత్ప్రసాదానికి ముందు గంట ఉపవాసం నియమం వృద్ధులకీ, రోగులకీ, వాళ్లని చూసుకునేవాళ్లకీ లేదని 919వ నిబంధన. మందు వేసుకున్నానని సత్ప్రసాదం వద్దనుకున్న పెద్దాయనొకరు నా ఆటోలోనే వస్తుంటాడు. ఆయనకి ఈ సంగతి నేను చెప్పాల్సి వచ్చింది. ఆటో డ్రైవరు చెబితే ఆయన నమ్మలేదు.

మేం అడుగుతున్నది: ప్రతి ఊళ్లో పడక మీదున్నవాళ్ల పేర్లు ఒక పుస్తకంలో రాయండి. నెలకోసారైనా, నెలలో తొలి శుక్రవారమైనా సరే, సత్ప్రసాదం ఆ ఇళ్లకి వెళ్లాలి. ప్రమాదంలో ఉన్నారని కబురొస్తే ఆ రోజే వెళ్లాలి.

2. మీరు తక్కువమంది, ఊళ్లు ఎక్కువ. తెలుసు. ఒక్క ఫాదర్ గారే ఎన్నో ఊళ్లు తిరగాలి, కొండదారుల్లో బైకు జారి దెబ్బలు తగిలించుకున్నవాళ్లనీ చూశాను. మరి 1973లో ఆరవ పౌలు పోపు గారి కాలంలో రోము ఇచ్చిన అనుమతి సంగతేంటి? గురువులు చాలనిచోట తగిన శిక్షణ ఇచ్చి సిస్టర్స్‌కీ, సామాన్య విశ్వాసులకీ సత్ప్రసాదం పంచే బాధ్యత అప్పగించవచ్చని అందులో ఉంది. ఇప్పటి చట్టం 910వ నిబంధనలో కూడా ఉంది. యాభై ఏళ్లు దాటిపోయింది. పెద్ద పట్టణాల్లో ఈ సేవకులు పీఠం దగ్గర వరసగా నిలబడతారు. అవసరం ఎక్కువున్న మా ఊళ్లలో ఒక్కరూ లేరు. అడిగితే "మన జనం ఒప్పుకోరు, ఫాదర్ చేతి నుంచే కావాలంటారు" అన్నారు. జనాన్ని ఎప్పుడైనా అడిగారా? మా అమ్మని అడిగుంటే ఒప్పుకునేది.

నాకివ్వమని అడగడం లేదు. నోటి దురుసు మనిషిని, నాకొద్దు. ప్రతి మూడు నాలుగు ఊళ్లకి ఒకరిని, ఊరు గౌరవించే మనిషిని, మీరే ఎంచి నేర్పించండి. ఆడవాళ్లయితే ఇంకా మంచిది. రోగి మంచం దాకా వెళ్లగలిగేది వాళ్లే.

3. మందసం. సత్ప్రసాదాన్ని భద్రపరచడానికి మొదటి కారణం చావుబతుకుల్లో ఉన్నవాళ్లకి అందించడం, ఆరాధన ఆ తర్వాతది. మందసం ఉన్నచోట దాన్ని చూసుకునేవాళ్లుండాలి, వీలైనంతవరకు నెలకి రెండుసార్లయినా పూజ జరగాలని 934వ నిబంధన. ప్రతి రేకుల గుడిలోనూ పెట్టమనడం లేదు, తాళం సరిగ్గా లేని గుళ్లు నాకూ తెలుసు. నాలుగైదు ఊళ్లకి మధ్యలో ఒక గుడి చూసి అక్కడ పెట్టండి. వంశధార నీళ్లు హిరమండలం నుంచి ఉద్దానం దాకా పైపుల్లో వచ్చాయి. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ రోగులకని 200 పడకల ఆసుపత్రి తెరిచారు. రోగి దగ్గరికి రావాలని ప్రభుత్వానికి తట్టింది.

4. పిల్లలకి ఏం చెబుతున్నారు? మా అన్నయ్య కూతురు మొన్న ప్రథమ సత్ప్రసాదం తీసుకుంది. మూడు రోజుల క్లాసు. ప్రశ్నలు, జవాబులు బట్టీ పట్టించారు. "సత్ప్రసాదం అంటే ఏంటమ్మా?" అని అడిగాను. "యేసయ్య గుర్తుగా ఇచ్చే అప్పం" అంది. ఎవరు చెప్పారంటే ఉపదేశి గారట. బాప్టిస్టు సండే స్కూలుకి పంపినా ఇదే నేర్చుకునేది కదా! ఇంకో ఊళ్లో ఉపదేశి "పాలు పెరుగైనట్టు" అని చెప్పడం నా చెవులతో విన్నాను. ఆయన ఉద్దేశం మంచిదే, కానీ పోలిక తలకిందులైంది. పాలు తోడుకుంటే రుచి మారుతుంది, రూపం మారుతుంది, ముట్టుకుంటే తెలుస్తుంది. ఇక్కడ తెలిసేవన్నీ అలాగే ఉండి, లోపలి సంగతి మారుతుంది. దీనికి వంటింటి పోలిక దొరకదు. దొరకదనే పిల్లలకి చెప్పండి, వాళ్లకి అర్థమవుతుంది. పెద్దవాళ్లకన్నా తొందరగా అర్థమవుతుంది.

మామూలు రొట్టెకీ సత్ప్రసాదానికీ తేడా తెలిసిన పిల్లలకి, దాదాపు ఏడేళ్ల వయసుకే ఇవ్వొచ్చని 1910లో పదవ పయస్ పోపు గారు చెప్పారు. ఆయన పెట్టిన కొలత ఆ తేడా తెలియడమే. బట్టీ పట్టిన జవాబుల లెక్క కాదు. మా పిల్లకి ఆ తేడా ఎవరూ చెప్పలేదు.

పిల్లలు అడిగే ప్రశ్నలకి కసురుకోకండి. "మనం తినేది అన్నం కదా, గోధుమే ఎందుకు?" అని ఒక గుంటడు అడిగితే "నోర్ముయ్" అన్నారు. చాలా మంచి ప్రశ్న అది. కడరా భోజనంలో ప్రభువు తీసుకున్నవి రొట్టె, ద్రాక్షారసం. ఆయన చేసినదాన్ని మార్చే అధికారం తనకి లేదని శ్రీసభ అనుకుంటుంది, అందుకే గోధుమ, నీళ్లు తప్ప అప్పంలో ఇంకేమీ కలపరు. రెండు ముక్కల్లో చెప్పొచ్చు. సీతంపేట కొండల్లో సవర మాట్లాడే పిల్లలకైతే తెలుగు పాఠమే రెండో భాష. వాళ్లకి వాళ్ల మాటలో చెప్పే ఉపదేశి ఉండాలి.

మేం అడుగుతున్నది: మూడు రోజుల క్లాసు ఆపి కనీసం మూడు నెలలు చెప్పండి. అంతకంటే ముందు ఉపదేశులకి చెప్పండి. వాళ్లకి మీరు ఇచ్చే జీతం, శిక్షణ రెండూ ఎంతో మీకే తెలుసు. తప్పు వాళ్ల మీదికి నెట్టడం నాకిష్టం లేదు.

5. పెళ్లిపూజల్లో జరుగుతున్న అవమానం. దీని గురించి ఎవరూ రాయరు, అందుకని కాస్త వివరంగా రాస్తున్నాను. మన మాటలోనే ఒక చిక్కుంది: సత్ప్రసాదం. అందులో "ప్రసాదం" ఉంది. అరసవల్లి వెళ్లినా, శ్రీకూర్మం వెళ్లినా, విజయనగరం పైడితల్లి అమ్మవారి గుడికి వెళ్లినా ప్రసాదం చెయ్యి చాపినవాళ్లందరికీ పెడతారు. వద్దనడం తప్పు, ఇచ్చింది కాదనడం ఇంకా తప్పు. అలా పెరిగిన మనిషి మన పెళ్లికొచ్చి, అందరూ వరసలో వెళుతుంటే మర్యాద కోసమే తనూ వెళ్లి నిలబడతాడు. తెలిసినవాళ్ల పెళ్లిలో పెళ్లికొడుకు మేనమామ అలాగే కొత్త పంచె కట్టుకుని, కళ్లకద్దుకోడానికి రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. ఆయన హిందువు. "మీరు పక్కకి జరగండి" అన్న మాట మైకులో అందరికీ వినపడింది. ఆయన భోజనం చెయ్యకుండా వెళ్లిపోయాడు. అక్కాతమ్ముళ్లకి ఏడాది పాటు మాటల్లేవు.

ఇవ్వకూడదన్నది నాకు తెలుసు, ఇవ్వమని అనడం లేదు. అది పంచిపెట్టే ప్రసాదం కాదు, అది క్రీస్తే అని నమ్ముతాం కాబట్టే, ఆ నమ్మకంలో ఉన్నవాళ్లు, సిద్ధపడినవాళ్లు మాత్రమే తీసుకుంటారు. పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం) చెయ్యాల్సినవాళ్లయితే మనవాళ్లు కూడా తీసుకోకూడదు. కానీ ఆ మాట ముందుగా చెప్పొచ్చు కదా? పూజ మొదట్లోనే, ప్రేమగా, "బంధువులారా, ఇది మా విశ్వాసంలో ఉన్నవాళ్లు మాత్రమే తీసుకునేది, మీరు కూర్చుని మాతో కలిసి ప్రార్థించండి" అంటే ఎవరూ నొచ్చుకోరు. చేతులు గుండెల మీద ముడుచుకుని వస్తే ఆశీర్వదించి పంపే అలవాటు కొన్నిచోట్ల ఉంది. మీకు సమ్మతమైతే అదైనా పెట్టండి. అడగకుండా వరసలోకి తోసే మన యువజన సంఘం కుర్రాళ్లకి కూడా ముందే చెప్పండి.

6. గౌరవం. మేం చేసే తప్పులూ ఉన్నాయి. సత్ప్రసాదం చేతిలో పెట్టుకుని నడుస్తూ నోట్లో వేసుకోవడం, అప్పుడు కూడా ఫోన్ మోగడం, పీఠానికీ జనానికీ మధ్య వీడియో తీసేవాళ్లు అడ్డం రావడం. వీటిని ఆపమని చెప్పండి, వింటాం. పండుగ ఊరేగింపుకి ఫ్లెక్సీలు, జనరేటరు, ఆర్కెస్ట్రా వెతకడానికి దొరికే టైములో సగం దీనికిచ్చినా చాలు.

అంతియోకయ బిషప్పు ఇగ్నేషియసు రెండో శతాబ్దం మొదట్లో స్మిర్న సంఘానికి రాసిన ఉత్తరం ఒకటుంది. సత్ప్రసాదం మన రక్షకుడి శరీరమని ఒప్పుకోనివాళ్లు దానికి దూరంగా ఉంటున్నారని అందులో రాశాడు. ఈ మాట మీ ప్రసంగాల్లో చాలాసార్లు విన్నాను. దానికి ముందున్న మాటలు మాత్రం ఎవరూ చదవగా వినలేదు. ఆ మనుషులకి వితంతువులు పట్టరు, అనాథలు పట్టరు, ఆకలితో, దాహంతో ఉన్నవాళ్లు పట్టరని అక్కడే రాశాడు. ఆయనకి ఆ రెండూ వేరు వేరు సంగతులు కావు. మా అమ్మ వితంతువు. రోజుకి కొలిచిన నీళ్లతో బతికిన మనిషి.

ఈ ఉత్తరానికి కాగితం మీద జవాబు రాకపోయినా పర్వాలేదు. మా ఊరి చుట్టూ అయిదు ఊళ్లలో పడక మీదున్న కథోలికులు తొమ్మిదిమంది. పేర్లు, ఇంటి గుర్తులు విడిగా రాసి విచారణ ఆఫీసులో ఇచ్చాను. ఇద్దరికి మాట రాదు, చెయ్యి కదిపి చెబుతారు. ఒకామెకి చూపు లేదు, కాబట్టి వెళ్లగానే ఎవరొచ్చారో పైకి చెప్పాలి. వచ్చే తొలి శుక్రవారం ఉదయం ఆరింటికి ఆటో గుడి ముందు పెడతాను. ఫాదర్ గారు వచ్చినా సరే, సిస్టర్ వచ్చినా సరే. కిరాయి అక్కర్లేదు. ఒకాయనకి ఆ రోజు డయాలసిస్ ఉంది, ఏడున్నరకల్లా బయల్దేరాలి. ముందు ఆయన ఇంటికే వెళదాం.

ఇట్లు,
ఉద్దానం నుంచి ఒక ఆటో డ్రైవరు